సాగు ఎవరిదంటే నేనే అన్నాను

సంపాదకుడు గారికి,

తప్పు నాదే కాబట్టి ముందు అదే చెప్తాను. మాకు కొల్లిపర వైపు రెండున్నర ఎకరాల మాగాణి ఉంది, నేనుండేది గుంటూరులో. పదమూడేళ్లుగా అది ఒకే మనిషి కౌలుకు చేస్తున్నాడు, సార్వాకు వరి, తర్వాత మినుమో మొక్కజొన్నో, ఎకరానికి పద్దెనిమిది బస్తాలు మాకు కొలిచి మిగిలింది తను తీసుకుంటాడు. కొన్నాళ్ల కిందట వ్యవసాయ గణన అంటూ ఫోన్ చేసి ‘సాగు ఎవరు చేస్తున్నారండీ’ అని అడిగితే నేనే అన్నాను. అతని పేరు ప్రభుత్వ కాగితంలో పడితే రేపు పొలం చేజారుతుందేమోనని టెన్షన్. మా ఊళ్లో ఈ భయం లేని ఆసామి ఉంటే చూపించండి.

తీరా తెలుసుకుంటే, 1970-71 నుంచి ఐదేళ్లకోసారి జరిగే ఈ లెక్కలో కమతం అంటే పట్టా ఎవరిదన్నది కాదు, దున్నేది ఎవరన్నదే. కానీ భూమి రికార్డులున్న చోట మొదటి విడత జాబితా ఆ రికార్డుల నుంచే తీస్తారు, అందులో ఉండేది నా పేరు! ఆపైన 20 శాతం గ్రామాల్లో పంటల వివరాలు, 7 శాతం గ్రామాల్లో ఎరువులూ విత్తనాల వాడకం అడుగుతారు. ఒక బస్తా యూరియా మోయని నేను వాటికేం జవాబు చెప్తాను? 1970-71లో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు, 2015-16కి 1.08 అయింది, అంటే మన లెక్కలో రెండెకరాల అరవై ఏడు సెంట్లు. ఈ అంకెల్లో నాలాంటి వాళ్ల అబద్ధాలెన్ని కలిశాయో. అదే గణనలో ఆడవాళ్లు సాగు చేస్తున్నట్టు రాసిన కమతాలు 14 శాతం లోపే, మరి మా పొలంలో నాట్ల నుంచి మినుము పీకే దాకా వంగేది అతని భార్యే.

గణనలో పేరు పడితే పట్టా మారదు. కౌలు రైతుకు ఇచ్చే కౌలు కార్డు కూడా మన రాష్ట్ర 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకే, భూమి హక్కుతో దానికి పనిలేదు. ఈ రెండు ముక్కలు ఆసాములకు ఊళ్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. లెక్క రాసేవాళ్లు కూడా మిట్టమధ్యాహ్నం తాళం వేసిన ఇళ్ల ముందు నిలబడకుండా, పొద్దున్నే రైతు సేవా కేంద్రం దగ్గరో పరపతి సంఘం దగ్గరో కూర్చుంటే మేలు. యూరియా కోసం క్యూ కట్టినవాళ్లే అసలు సాగుదారులు, అంతకన్నా మంచి జాబితా ఏ ఆఫీసులో దొరుకుతుంది?

మొన్న అతనికి ఫోన్ చేసి, ఈసారి నీ పేరే చెప్తానయ్యా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఎందుకులెండి బాబాయ్ గారూ, మీ అబ్బాయి గారు ఒప్పుకోకపోతే వచ్చే ఏడు పొలం ఇస్తారో లేదో’ అన్నాడు.

- ఒక భూ యజమాని, గుంటూరు