పొయ్యి మీద పగెందుకురా?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివా. పాలూ పెరుగూ మానేశావు, పొయ్యెక్కిందేదీ ముట్టవు, పొద్దున సొరకాయ రసం, రాత్రి మొలకలు. బాగానే ఉంది. చెల్లెమ్మ ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదేం?

ముందే చెప్తున్నా, మాంసం, పాలు మానడంతో నాకు పేచీ లేదు. ప్రొటీన్ ఎక్కణ్ణుంచి వస్తుందని మీ బావమరిది పెట్టే టెన్షన్ పట్టించుకోకు. మా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. నీ 70 కిలోలకి 58 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులోనే 20 గ్రాముల పైన ఉంటుంది. ప్రొటీన్‌కి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. రెండూ ఒకే ముద్దలో పడాలనేం లేదు, రోజు మొత్తం మీద పడితే చాలు. సోయా తింటే మగతనం పోతుందన్నదీ ఒట్టిమాటే. తిన్నవాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని కొలిచి మరీ చూశారు, తేడా రాలేదు.

నా బెంగల్లా విటమిన్ బి12 గురించి. దాన్ని ఏ మొక్కా తయారు చెయ్యదు, బాక్టీరియా చేస్తుంది. స్పిరులినా అనే నాచు పొడిలో ఉందని అమ్ముతారు చూడు, అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రకం. కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇప్పుడు నువ్వు హుషారుగానే ఉంటావు. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు తర్వాతెప్పుడో మొదలవుతాయి. పైగా నువ్వు వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా బి12ని తగ్గిస్తుంది. తిమ్మిర్లొస్తే షుగర్ వల్లేలే అని ఊరుకుంటావు. ఆకుకూరల్లో ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ దండిగా ఉంటుంది కనక, బి12 తక్కువైనా రక్తం తగ్గినట్టు పరీక్షలో తెలియకపోవచ్చు, నరాలు మాత్రం లోపల్లోపల దెబ్బతింటూ ఉంటాయి. అందుకే పాలు మానినవాళ్లు బి12 మాత్ర వేసుకోవాల్సిందే.

ఇక వండితే తిండిలోని ఎంజైములు, అంటే అరుగుదల లాంటి పనుల్ని జరిపించే పదార్థాలు, చచ్చిపోతాయన్న మాట. పోతే పోనీరా! మొక్కలో ఎంజైములు మొక్క పని కోసం ఉన్నవి. పచ్చిగా తిన్నా మన పొట్టలోని ఆమ్లం వాటినీ వదిలిపెట్టదు. అరగడానికి కావలసినవి మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. వేడికి విటమిన్ సి తగ్గుతుంది, నిజమే. దానికి జామకాయలున్నాయి, ఉసిరికాయలున్నాయి. టమాటాలో లైకోపీన్, క్యారెట్‌లో కెరోటిన్ అయితే ఉడికించి కాస్త నూనె తగిలిస్తేనే బాగా వంటబడతాయి. రాజ్మా నానబెట్టి పచ్చిగా తిన్నావా, వాంతులే. కంద సంగతి గోదావరి వాడివి, నీకు నేను చెప్పాలా?

సొరకాయ రసం తాగేముందు చిన్న ముక్క కొరికి చూడు. చేదుగా ఉంటే కాయ మొత్తం అవతల పారెయ్. ఆ చేదు విషం. తాగినవాళ్లు చనిపోయిన సందర్భాలున్నాయి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా హెచ్చరించింది. మందు కదా అని కళ్లు మూసుకుని మింగడమే అక్కడ కొంప ముంచేది. మొలకల్నీ ఆవిరి మీద కాసేపు పెట్టు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఇ.కోలై బాక్టీరియాతో 50 మందికి పైగా పోయారు. మొలక రావడానికి కావలసిన తడీ వెచ్చదనమే ఆ క్రిములకీ కావాలి మరి.

మీ ఊరికీ ఈ పచ్చి తిండికీ పాత చుట్టరికమే ఉందిరోయ్. 1929లో ఆంధ్ర పర్యటనకొచ్చిన గాంధీగారికి దీనిమీద గురి కుదిర్చింది రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావుగారే. మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, పచ్చి ఆకులు, నిమ్మకాయలు, తేనె. కొన్నాళ్లు పట్టుగా తిని, చివరికి జిగట విరేచనాలు పట్టుకుని మానేశారు. మానేసిన సంగతి పత్రికలో రాసేశారు కూడా. నీ వాకింగ్ బ్యాచ్‌లో అలా ఒప్పుకునేవాళ్లు ఎంతమందిరా?

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. తిండి తగ్గాక షుగర్ కూడా తగ్గుతుంది. అలాగని మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు, పాత మోతాదే మింగుతూనూ ఉండకు. కొన్ని మాత్రలకి షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టరుకి ఏం తింటున్నావో ఉన్నదున్నట్టు చెప్పి మోతాదు మార్పించుకో. బి12 పరీక్ష కూడా అప్పుడే చేయించి, రిపోర్టు ఫోటో తీసి పంపు.

వచ్చే నెల అక్కడికొస్తున్నా. చెల్లెమ్మని ఆవపెట్టిన పనసపొట్టు కూర చెయ్యమను. పాలు లేవు, మాంసం లేదు, నీక్కూడా అభ్యంతరం ఉండకూడదు.

నీ
రాము