తెల్ల హెల్మెట్లు ఏడు

తిరుపతి,
ఏప్రిల్ నెలాఖరు, ఆదివారం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం సంక్రాంతికే అందింది. జవాబు రాయడానికి ఏప్రిల్ నెలాఖరు దాకా ఆగినవాడికి క్షమాపణ అడిగే అర్హత కూడా ఉండదని నాకు తెలుసు. మూడుసార్లు కాగితం ముందు కూర్చుని, మూడుసార్లూ ఏదో ఒక పని మీద లేచిపోయాను. ఇంట్లో అందరం కులాసాగా ఉన్నాం, అమ్మాయి పరీక్షలు ముగిశాయి, నా మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, మామిడిపండ్ల ధర ఇంకా దిగలేదు. ఇక అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే అది నీ చెవిన వేసేదాకా నాకు అన్నం సయించేలా లేదు. పోయిన ఆదివారం మావాళ్లందరూ కలిసి నన్ను మిద్దె మీద మరిచిపోయారు. తప్పు పూర్తిగా నాదే.

జనవరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కరెంటు మీటర్లున్న బోర్డు దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి నిప్పు అంటుకుంది. వాచ్‌మన్ మెయిన్ ఆపి ఇసుక చల్లేసరికి అణిగిపోయింది గాని, ఆ ఇసుక బకెట్లలో ఇసుక కంటె వక్కాకు ఉమ్ములే ఎక్కువగా ఉన్నాయన్న సంగతి ఆ రోజే బయటపడింది. (బకెట్టు అనగానే నీకు మన హాస్టల్ పచ్చ బకెట్టు గుర్తుకొస్తుంది. దాని గురించి ఒక్క మాట కూడా రాయను, మా ఆవిడ ఈ ఉత్తరం చదివే అవకాశం ఉంది.) నలభై ఇళ్లవాళ్లమూ కిందికి దిగి ఎవరికి తోచినట్టు వాళ్లు కేకలు పెట్టామే తప్ప, ఎవరి మాట ఎవరు వినాలో ఎవరికీ తెలియలేదు. ఆ తరువాత జరిగిన సమావేశంలో పన్నెండు మందితో ఒక దళం ఏర్పాటు చేయాలని తీర్మానించారు. అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కాని నోరు మూసుకోవడం నాకు చేతకాదని నీకు తెలిసిందే కదా.

మా మేనల్లుడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూనే వాళ్ల ఊరి అగ్నిమాపక దళంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాడు. ఆ దేశంలో మంటలార్పేవాళ్లలో సగానికి పైగా ఇలా జీతం లేకుండా చేసేవాళ్లే. వాడు ఒకసారి వీడియో కాల్‌లో తన హెల్మెట్ చూపించి, తనది నలుపనీ, కెప్టెన్‌ది ఎరుపనీ, చీఫ్‌ది తెలుపనీ చెప్పాడు. మంట దగ్గర అందరూ ఒకే రకం మందపాటి కోటు తొడుక్కుని, ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు తగిలించుకుని ఉంటారు కాబట్టి, భుజం మీది గుర్తులు చూసి హోదా పోల్చుకోవడం కుదరదు. పొగలోనైనా, వెనుక నుంచైనా కంటికి ఆనేది నెత్తి మీది రంగే. కొన్నిచోట్ల కొత్తగా చేరినవాళ్లకు వేరే రంగు ఇస్తారట, పెద్దవాళ్లు వాళ్లను ఓ కంట కనిపెట్టి ఉండడానికి. బ్రిటన్‌లోనైతే మామూలు సిబ్బందికి పసుపు హెల్మెట్లు, వాటి మీద నల్ల పట్టీలను బట్టి చిన్న అధికారులు, పై అధికారులకు తెలుపు.

ఇదంతా చెప్పి మేనల్లుడు ఒక హెచ్చరిక కూడా చేశాడు. అమెరికా అంతటికీ వర్తించే రంగుల నియమం ఏదీ లేదు. ఒక ఊళ్లో ఎరుపు ఎవరిదో పక్క ఊరివాళ్లకు తెలియాలన్న హామీ లేదు. న్యూయార్క్ నగరంలోనైతే లెఫ్టినెంట్లూ కెప్టెన్లూ కూడా మామూలు సిబ్బందిలాగే నల్ల హెల్మెట్లే పెట్టుకుంటారు, నుదుటి మీద బిగించే తోలు ఫలకం చూసి తేడా తెలుసుకోవాలి, తెలుపు మాత్రం చీఫ్‌లది. అందుచేత రంగు పనిచేయాలంటే ముందుగా దాని అర్థం అందరూ ఒప్పుకుని ఉండాలి మామా అన్నాడు. ఈ చివరి వాక్యాన్ని నేను సమావేశంలో చెప్పలేదు. మరిచిపోయానని నీకు రాయవచ్చు గాని, నిజానికి దానివల్ల నా ప్రతిపాదన బలహీనపడుతుందని దాచాను.

మా అధ్యక్షులవారు తహసీల్దారుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయనను ఒప్పించడానికి లండన్ కథ ఎత్తుకున్నాను. 1866లో అక్కడ మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ మొదలైనప్పుడు దానికి అధిపతి అయిన కెప్టెన్ షా, పారిస్ దళాన్ని చూసి తనవాళ్లకు ఇత్తడి శిరస్త్రాణాలు తెచ్చాడనీ, సిబ్బందికి ఇత్తడివి, అధికారులకు వెండి రంగువి ఉండేవనీ చెప్పాను. వెండి మాట వినగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "అట్లాంటిది మనకు తిరుపతిలో చేయించుకోను వీలవుతుందా?" అని అడిగారు. కరెంటు తీగలు పెరిగాక నెత్తిన లోహం ఉండడం ప్రాణాంతకమని 1930లలో ఆ ఇత్తడివాటిని వదిలేశారనీ, మన నిప్పు కూడా మీటర్ల దగ్గరే పుట్టిందనీ గుర్తుచేసిన మీదట, అయిష్టంగా తెలుపుకు ఒప్పుకున్నారు.

తెలుపు ఒకటి, ఆజ్ఞలిచ్చేవారికి. ఎరుపు ఐదు, అంతస్తుకొకరికి. పసుపు ఆరు, మిగతావారికి. ఇదీ నా పథకం. నియమాలు కూడా నేనే రాశాను. నాలుగో నియమం చదువు: "ఎర్ర హెల్మెట్టువారు తెల్ల హెల్మెట్టువారి ఆజ్ఞ లేనిదే తమ స్థానమును విడువరాదు." నవ్వు, ఇప్పుడే నవ్వుకో. ఐదో అంతస్తు బాధ్యుణ్ని నేనే, నా స్థానం మిద్దె.

హెల్మెట్లను హార్డ్‌వేర్ అంగడిలో ఎవరివి వాళ్లు కొనుక్కోవాలనడం నా రెండో తప్పు. అధ్యక్షులవారు నెలలో సగం రోజులు బెంగళూరులో కొడుకు దగ్గరుంటారు కాబట్టి, ఆ సగానికి తాను ఇన్‌చార్జినని కార్యదర్శి తెల్లది కొన్నారు. డబ్బు లెక్కలు చూసేవాడు కార్యదర్శి కంటె తక్కువవాడా అని కోశాధికారి తెల్లది కొన్నారు. రెండో అంతస్తు ఇంజనీరుకు సైటులో వాడే తెల్లది ఎలాగూ ఉంది. అతడే ఒక మాట జారవిడిచాడు, భవనాలు కట్టేచోట మామూలుగా తెలుపు ఇంజనీర్లదీ సూపర్‌వైజర్లదీ, పసుపు కూలీలదీ మేస్త్రీలదీ అని. అంతే, మిగిలిన ముగ్గురూ పసుపు వద్దని తెల్లవి తెచ్చుకున్నారు. లెక్క చూసుకో. సేనాపతులు ఏడుగురు, సర్దార్లు ఐదుగురు, సైనికుడు ఒక్కడూ లేడు. ఆవరణ మొత్తంలో పసుపు హెల్మెట్ ఉన్న ఏకైక మనిషి, నాలుగో అంతస్తులో టైల్స్ పని చేస్తున్న మేస్త్రీ.

ఫైర్ సర్వీస్ వారోత్సవాలలో మా దగ్గర డ్రిల్లు చేయించడానికి అధికారి ఒకరు, సిబ్బంది ముగ్గురు వచ్చారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో, పేలుడు సామగ్రీ పత్తీ నింపుకుని ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారనీ, ఈ వారోత్సవాలు వాళ్ల కోసమేననీ అధికారి చెబితే, అందరం రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. ఆ రెండు నిమిషాలు మాత్రం మాలో ఎవరికీ హెల్మెట్ గుర్తుకురాలేదు.

తరువాత గంట కొట్టారు. మా అంతస్తువాళ్లను మెట్ల మీదుగా కిందికి పంపి, నియమం ప్రకారం నేను మిద్దెకెక్కి ఆజ్ఞ కోసం నిలబడ్డాను. పదకొండు గంటల ఎండ. పిట్టగోడ మీదుగా వంగి చూస్తే, కింద పళ్లెంలో ఇడ్లీలు పరిచినట్టు ఏడు తెల్ల బుర్రలు అటూ ఇటూ కదులుతున్నాయి. ఒకటి గేటు వైపు చెయ్యి చూపిస్తోంది, ఇంకొకటి నీళ్ల ట్యాంకు వైపు. మొదటి అంతస్తు జనం రెండింటికీ మధ్య నిలబడిపోయారు. నేను చెయ్యి ఊపితే నాలుగు తెల్లవి తిరిగి చెయ్యి ఊపాయి. అందులో రమ్మన్నది ఏదో, ఉండమన్నది ఏదో నేనెలా పోల్చుకోవాలి?

మెడ వెనుక కాలిపోతుంటే మేనల్లుడి హెల్మెట్‌కు వెనుకవైపు అంత పొడుగు అంచు ఎందుకుందో గుర్తొచ్చింది. 1830లలో న్యూయార్క్‌లో గ్రాటకాప్ అనే తోలుపనివాడు అలా కుట్టాడట, పైనుంచి పడే నీళ్లు మెడలోకి కారకుండా వీపు మీదుగా జారిపోవడానికి. నా హెల్మెట్‌కు ముందు జానెడు చూరు ఉంది, వెనుక ఏమీ లేదు. ఇరవై అయిదు నిమిషాలు మిత్రమా. వాచీ చూసుకుంటూనే ఉన్నాను.

కింద ఏం జరిగిందో తరువాత తెలిసింది. రిజిస్టరులో సంతకాలు పెట్టినవారు 71 మంది. తెల్ల హెల్మెట్లవారు ఎవరికి వారు లెక్కపెట్టి కూడితే 78 వచ్చింది, ఎందుకంటే మూడో అంతస్తును ఇద్దరు లెక్కపెట్టారు. ఎక్కువే వచ్చారు గాని తక్కువ కాలేదని అందరూ సంతోషించారు. నా గురించి అడిగితే మా ఆవిడ, "ఇక్కడే ఎవరితోనో మాట్లాడుతుంటారు లెండి" అన్నదట. ముప్పై ఏళ్ల అనుభవంతో చెప్పిన మాట, ఆమెను తప్పుపట్టలేను.

చివరికి నీళ్ల పైపు కోసం మేస్త్రీ మిద్దెకెక్కాడు. "ఏంది సార్, ఈడ ఒక్కరే ఉండారు? కింద అంతా అయిపాయె గదా!" అన్నాడు. ఆజ్ఞ రాలేదని చెప్పాను. అతడు పిట్టగోడ దగ్గరికి వెళ్లి, కిందికి చూసి, వేలితో లెక్కపెట్టి, "అంతమంది ఇంజనీర్లుంటే పని యాడ జరగతాది సార్?" అన్నాడు.

మేమిద్దరం కలిసి దిగితే, రెండో అంతస్తు పెద్దావిడ ఒకరు మేస్త్రీ పసుపు హెల్మెట్ చూసి ఫైర్ మనిషే అనుకుని, అతడి చేతులు పట్టుకుని, "నాయనా, సార్‌ను కాపాడితివి" అన్నది. అందరూ నవ్వారు. అధికారి నవ్వలేదు. ఎక్కడున్నారని నన్ను అడిగారు, నాలుగో నియమం చెప్పాను. నా హెల్మెట్ తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి, ఇది ఇటుక పడితే కాపాడుతుంది గాని 130 డిగ్రీల వేడికే కరిగే ప్లాస్టిక్ అనీ, దీన్ని పెట్టుకుని మంటలోకి పోవద్దనీ అన్నారు. తరువాత తెల్లవి ఏడూ అడిగి తీసుకుని, ప్రహరీ గోడ మీద వరసగా పెట్టి, ఒకటి మాత్రం అధ్యక్షులవారికి తిరిగి ఇచ్చారు. "నేను టోపీతో వచ్చినాను, చూడండి. నా మాట వినాలని మావాళ్లు ముగ్గురికీ తెలుసు, ఇక్కడ నాకు రంగు అవసరం లేదు. మీకు తెలియదు కాబట్టి మీకు కావాలి. అది ఏడు నెత్తుల మీద ఉంటే ఎవరి నెత్తిన లేనట్టే" అన్నారు. మేనల్లుడు చెప్పగా నేను దాచిన మాటే ఇంచుమించు.

ఇది వారం కిందటి సంగతి. పగలంతా నవ్వుతూనే చెప్పుకున్నాను గాని, ఆ రాత్రి పడుకున్నాక నిద్ర పట్టలేదు. నిజంగా సెల్లార్‌లో పొగ లేచి ఉంటే, లెక్క ఎక్కువే వచ్చిందని అందరూ గేటు బయట నిలబడి ఉంటే, మిద్దె మీద నేను... వద్దులే. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు, కాని అప్పటినుంచి నేను మెట్లెక్కితే ఎక్కడికని అడుగుతోంది.

ఇప్పుడు గొడవ మిగిలిన ఆరు హెల్మెట్ల గురించి. పసుపు రంగు వేయిద్దామని కార్యదర్శి, రంగులోని థిన్నరు ప్లాస్టిక్‌ను పెళుసుగా చేస్తుంది, వేయకూడదని ఇంజనీరు. ఈ ఒక్క విషయంలో ఇంజనీరు మాటే నిజం, కాని అతడు తన తెలుపు కాపాడుకోవడానికే అంటున్నాడని కోశాధికారి అనుమానం. ఆయన నాతో మాట్లాడడం మానేశారు. నాలుగో నియమాన్ని తిరిగి రాసి తెమ్మని మిగతావారు నాకు చెప్పారు, ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. నువ్వైతే ఎలా రాస్తావో ఒకసారి ఆలోచించి...

వాచ్‌మన్ తలుపు కొడుతున్నాడు. ఏడు గంటల సమావేశం ఆరున్నరకే మొదలైందట, ఎవరి హెల్మెట్ వాళ్లు తీసుకుని రావాలట. నాది వంటింట్లో ఉంది, మా ఆవిడ అందులో ఎండుమిరపకాయలు పోసి పెట్టింది. వాటిని దేనిలో ఒంపాలో అడగాలి, ఆమె ఇంట్లో లేదు. వెళ్తున్నాను.

నీ
మిద్దె మీది మనిషి