గ్రైండర్ బాగుచేసిన తమ్ముడికి కృతజ్ఞతలు

బెంగళూరు మారతహళ్లిలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను. మొన్న శనివారం రాత్రి, తెల్లారితే వైట్‌ఫీల్డ్‌లో గృహప్రవేశానికి గారెలు అందించాలనగా, గ్రైండర్ బెల్టు తెగింది. నానబోసిన మినప్పప్పు ఎదురుగా ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆర్డర్ వద్దని చెప్పేద్దామని ఫోన్ కూడా తీశాను.

పక్క వీధిలో షట్టర్ దించుతున్న మెకానిక్ తమ్ముడు మళ్లీ షట్టర్ ఎత్తి, బెల్టు తీసుకుని వెంట వచ్చాడు. కన్నడం కలిసిన తెలుగులో "ఫోన్ లోపల పెట్టండక్కా, పప్పు కడగండి" అన్నాడు. బెల్టు వేసి మధ్యలో వేలితో నొక్కి చూశాడు. మరీ బిగిస్తే మోటారు వేడెక్కుతుందట. అంతటితో వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు! మొదటి వాయి పిండి మెదిగేదాకా రాళ్ల చప్పుడు వింటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బెల్టు డబ్బులే తీసుకున్నాడు. కూలి ఇవ్వబోతే "ముందు మీ ఆర్డర్ డబ్బులు రానివ్వండి" అంటూ బండెక్కేశాడు.

వ్యాపారం నా వల్ల కాదేమోనని ఈమధ్య తరచూ అనిపిస్తోంది (ఇంట్లోవాళ్లదీ అదే పాట). ఆ రాత్రి పప్పు కడిగే హడావిడిలో ఆ ఆలోచనకే తీరిక దొరకలేదు.

తమ్ముడూ, గారెలు టైముకే అందాయి. నీ కూలి గల్లాపెట్టెలో విడిగా ఉంచాను, వచ్చి తీసుకో. వేడివేడిగా నాలుగు గారెలు కూడా వేసిపెడతాను.