ముసలమ్మ వెనకాల చీకటి గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన కోడిగుడ్లు వేయించే ముసలమ్మ బొమ్మ చూడగానే ప్రాణం లేచొచ్చింది, కానీ కింద రాసిన నాలుగు లైన్లు చదివాక మనసుకి కష్టంగా అనిపించింది. వెనకాల చీకటంతా ఆవిడ పేదరికానికీ దుఃఖానికీ గుర్తు అని రాశారు. నాకలా అనిపించలేదండీ.

నేను పదకొండేళ్లు క్యాంటీన్ వంటింట్లో పనిచేశాను. లైటు వీపు వెనక ఉంటే మన నీడే మూకుట్లో పడి ఏది వేగిందో ఏది మాడిందో తెలీదు, అందుకని వంటచేసేవాళ్లు ఎవరైనా వెలుతురు వైపు తిరిగే నిలబడతారు. ఈ బొమ్మలో వెలుతురు ఎడమనుంచి వస్తుంది, ముసలమ్మ కూడా సరిగ్గా అటే తిరిగి కూర్చుంది. వెనక గోడని చీకటి మింగేసింది కాబట్టే ఆవిడ తల మీది తెల్ల గుడ్డ, చెక్క గరిటె పట్టుకున్న చెయ్యి, మట్టి మూకుట్లో గుడ్లు అంత బాగా కనపడుతున్నాయి. ఆ గుడ్లు ఒకసారి ఫోన్లో పెద్దవి చేసి చూడండి, తెల్లసొన అప్పుడప్పుడే తెల్లబడుతోంది, పొయ్యి దగ్గర అది ఎంతసేపుంటుందని, రెప్పపాటే కదా, దాన్ని పట్టుకున్నాడు వెలాస్కెజ్. 1618లో వేశాడు, అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు కూడా లేవు.

ఇంకోటి, బల్లమీద తెల్ల గిన్నె, దానిమీద అడ్డంగా కత్తి ఉంటాయి. కత్తి తిన్నగానే ఉంది, నీడ మాత్రం గిన్నె లోపలికి వంగి పడింది, ఆ వంపు చూస్తేనే గిన్నె ఎంత లోతో తెలిసిపోతుంది. ఎన్నిసార్లు చూశానో ఆ నీడని! మీ ప్రింట్లో ఇంకు ముదిరి అది అసలు కనపడనే లేదు.

ఆవిడ చూపు గుడ్లమీద లేదు నిజమే, ఎటో ఉంది. అది దిగులే అనుకోనక్కర్లేదు, ఏళ్ల తరబడి చేసిన పనైతే చెయ్యి దానంతటదే నడుస్తుంది, చూపు ఎటైనా పోవచ్చు.

పైగా ఎడమవైపు ఖర్బూజా, గాజు సీసా పట్టుకుని నిలబడ్డ కుర్రాడిని కత్తిరించేశారు. వెలుతురు వచ్చే వైపే తీసేస్తే ఇక చూసేవాళ్లకి ఏం అర్థమవుతుంది? అసలు బొమ్మ స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా నేషనల్ గ్యాలరీలో ఉంది, దాదాపు 120 సెంటీమీటర్ల వెడల్పు, అందరం వెళ్లి చూడలేం కదా, మాకు పేపరే దిక్కు. దయచేసి ఇంకోసారి వేయండి, ఇంకు కాస్త తగ్గించి, కుర్రాడితో సహా.

ఇట్లు,
మీ పాఠకురాలు