మీరిచ్చిన డాలర్ నోటు మీరే తీసుకోనంటే ఎలాగండీ?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విజయవాడ బందర్ రోడ్డులో ఉన్న మీ మనీ ఎక్స్ఛేంజ్ బ్రాంచ్ గురించి రాస్తున్నానండి. ఇప్పటికి రెండు మెయిల్స్ పెట్టాను, రెండిటికీ "మీ ఫిర్యాదు అందింది" అని మెషీన్ రిప్లై వచ్చింది గానీ మనిషి రాసిన ముక్క ఒక్కటీ లేదు, అందుకే ఈసారి మొదట్నుంచీ రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

దసరా సెలవులకి నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కలిసి వియత్నాం వెళ్లాం. వెళ్లేముందు డబ్బు మార్చుకోడానికి మీ బ్రాంచ్‌కొస్తే డాంగ్ (వియత్నాం కరెన్సీ) మా దగ్గర ఉండదు సార్, డాలర్లు పట్టుకెళ్లి అక్కడ మార్చుకోండి, మిగతాది కార్డులో వేసుకోండి అన్నాడు కౌంటర్లో అబ్బాయి. సరే అని 600 డాలర్లు క్యాష్, 1,000 డాలర్లు ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే వేసిపెట్టుకునే కార్డులో తీసుకున్నా. 50 వేలు దాటితే క్యాష్ తీసుకోం, అకౌంట్ నుంచే కట్టాలి అంటే అలాగే కట్టా. పాస్‌పోర్టు, పాన్, వీసా, టికెట్లు అన్నీ ఇచ్చా. నా వైపు నుంచి కాగితం తక్కువ లేదు.

కవర్లో వంద డాలర్ల నోట్లు ఐదు, ఇరవై నోట్లు ఐదు పెట్టిచ్చారు. మా నాన్నగారు రిటైర్డ్ క్యాషియర్ లెండి, ఇంటికి తేగానే కళ్లజోడు పెట్టుకుని ఒక్కో నోటూ తిరగేసి, నంబర్లు రాసుకోరా, ఫోటోలు కూడా తీసిపెట్టుకో అన్నారు. ఎందుకు నాన్నా చాదస్తం అన్నా గానీ తీశా. ఆ చాదస్తమే ఇవాళ పనికొచ్చింది.

హనోయ్ ఎయిర్‌పోర్టులో బ్యాంకు కౌంటర్ దగ్గర 200 ఇద్దామని రెండు నోట్లు తీసిచ్చా. అక్కడి అమ్మాయి మొదటిది లైటుకి పెట్టి చూసింది, వేలితో మూల దగ్గర రుద్దింది, అక్కడ మన రూపాయి బిళ్లంత గుండ్రంగా నీలం సిరా ముద్ర ఉంది, ఎవరో ఏదో షాపు స్టాంపు కొట్టినట్టు. రెండోది మధ్యలో నీలం పట్టీ లేని పాత నోటు, అంటే 2013 కి ముందు బాపతు. రెండూ ఒక్క వేలితో నావైపు తోసేసింది. మాటేం లేదు, తల మాత్రం అడ్డంగా ఊపింది. మిగతా నోట్లు ఇస్తే చకచకా మార్చిచ్చింది. ఊళ్లో ఇంకో రెండు చోట్ల అడిగా, ఒకళ్లు వద్దన్నారు, ఇంకొకళ్లు బాగా తక్కువ రేటు చెప్పారు. పాత డాలరు నోటైనా అమెరికాలో చెల్లుతుందని నాకూ తెలుసు, కానీ నేను వెళ్లింది అమెరికాకి కాదు కదండీ! మీ వ్యాపారమే ఇది, బయట దేశాల్లో మరకలున్న నోట్లు, పాత నోట్లు తీసుకోరని మీకు తెలీదా? మా అత్తగారైతే, మనూళ్లో చిరిగిన వంద నోటు టీ కొట్టోడే తీసుకోడు, నువ్వెలా తెచ్చుకున్నావు బాబూ అని నన్నే అన్నారు.

అక్కడి నోట్లతో మాకు మేం చేసుకున్న తప్పులూ ఉన్నాయి, అవి మీ ఖాతాలో వెయ్యను. ఇరవై వేల నోటూ నీలమే, ఐదు లక్షల నోటూ నీలమే, మా ఆవిడ కొబ్బరిబొండాల ఆమెకి ఇరవై వేలనుకుని ఐదు లక్షలది ఇచ్చేసి వచ్చేస్తుంటే ఆమె వెనకాలే పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి వెళ్లింది.

ఇంక కార్డు సంగతి. "జీరో మార్కప్ సార్" అని, అంటే మారకం రేటు మీద అదనంగా ఏమీ పట్టరని మీ అబ్బాయి ఒకటికి మూడుసార్లు అన్నాడు. వియత్నాంలో వాడతానని నేను చెప్పాకే అన్నాడు. ఏటీఎంలో 30 లక్షల డాంగ్ తీశా. మధ్యలో స్క్రీన్ మీద రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడిగింది, అది నొక్కితే డబుల్ బాదుడని మా బావమరిది ముందే చెప్పాడు కాబట్టి వద్దనే నొక్కా. అయినా స్టేట్‌మెంట్‌లో చూస్తే ఆ రోజు రేటు మీద మూడున్నర శాతం ఎక్కువ లాగారు, పైన ఏటీఎం ఫీజు 2 డాలర్లు. అక్కడి బ్యాంకు తీసుకున్న ఫీజు వేరు, దానికి మిమ్మల్ని అనను. అడిగితే ఏంటంటే జీరో మార్కప్ అనేది కార్డులో వేసిన కరెన్సీలోనే ఖర్చుపెడితేనంట, డాలర్ కార్డుతో డాంగ్ తీస్తే క్రాస్ కరెన్సీ చార్జీ అంట. డాంగ్ అసలు మీ కార్డులో లోడ్ చేసే వీలే లేనప్పుడు వియత్నాం వెళ్లేవాడికి జీరో అని ఎలా చెప్తారండీ? ఏడుసార్లు వాడా, ఏడుసార్లూ కోత పడింది. అక్కడ్నుంచి ఫోన్ చేద్దామంటే కార్డు వెనకాల ఉన్నది 1800 నంబరు, అది వియత్నాం నుంచి కలవనే లేదు.

తిరిగొచ్చాక అసలు కథ. మిగిలిన ఆ రెండు నోట్లు మీ బ్రాంచ్‌కే తీసుకెళ్లా. అదే కౌంటర్, అదే అబ్బాయి. నోటు చేతిలోకి తీసుకుని, లైటుకి పెట్టి చూసి, "ఇంక్ ఉంది సార్, ఇది మేం తీసుకోం, రెండోది కూడా ఓల్డ్ సిరీస్" అన్నాడు. నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. మీరిచ్చిందే కదయ్యా అంటే, బిల్లులో నోట్ల నంబర్లు ఉండవు సార్, మేమే ఇచ్చామని ఏంటి గ్యారంటీ అన్నాడు. అప్పుడు ఫోన్ తీసి మా నాన్నగారు తీయించిన ఫోటోలు చూపించా, నోట్లు కొన్నరోజు సాయంత్రం తేదీ, టైముతో సహా ఉన్నాయి. చూసి, మేనేజర్ సార్ లంచ్‌కెళ్లారు అన్నాడు. రెండు గంటలు కూర్చున్నా, ఆ లంచ్ అవ్వలేదు.

ఇప్పుడు నేనడిగేది ఇంతే. ఆ రెండు నోట్లు నాకు అమ్మిన రేటుకే వెనక్కి తీసుకోవాలి, కొనే రేటు అని తగ్గిస్తే ఊరుకోను, ఎందుకంటే అవి నేను వాడి మిగిల్చినవి కాదు, వాడడానికి పనికిరానివి. కార్డు మీద క్రాస్ కరెన్సీ కింద కోసిందంతా రూపాయల్లో నా అకౌంట్‌లో వెయ్యాలి. వీటికి జవాబు మనిషి పేరుతో, రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ లెటర్ కాపీ కార్డు ఇచ్చిన బ్యాంకుకి కూడా పంపుతున్నా, 30 రోజుల్లో వాళ్లు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ పోర్టల్‌లో వాళ్ల మీద పెడతా, నోట్ల విషయం మటుకు మీ మీద జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కే వెళ్తా. బిల్లు, స్టేట్‌మెంట్, ఫోటోలు అన్నీ జత చేశా.

నోట్లు రెండూ బీరువాలో మీ కవర్లోనే ఉన్నాయి. ఎప్పుడు తెమ్మంటారో చెప్పండి, మేనేజర్ గారు భోంచేసి వచ్చాకే వస్తా.

ఇట్లు,
మీ కస్టమర్,
సత్యనారాయణపురం, విజయవాడ