లెన్సులో బూజు పట్టిందని రాసిన మిత్రుడికి

ప్రియమైన మిత్రమా,

మీ నాన్నగారి కెమెరా పెట్టె తెరిస్తే లెన్సు లోపల సాలెగూడులాంటిది కనిపించిందని నువ్వు రాసినప్పటి నుంచి నా ఆలోచన అంతా ఆ లెన్సు చుట్టూనే తిరుగుతోంది. మన భాషలో సాలెగూడునూ బూజే అంటాం, తేమకు పట్టేదాన్నీ బూజే అంటాం. లెన్సులోకి ఒకసారి తొంగిచూస్తే రెండింటికీ ఒకే మాట ఎంత చక్కగా అతుకుతుందో తెలుస్తుంది.

అయితే నువ్వు అప్పుడే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకోవద్దు. ముందు అది నిజంగా బూజేనా అన్నది తేలాలి. అపర్చరును, అంటే లెన్సులో వెలుగు వెళ్లే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, చీకటి గదిలో లెన్సు వెనుక నుంచి చిన్న టార్చి వెలుగును ఏటవాలుగా పంపి, ముందు వైపు నుంచి చూడు. అంచు నుంచి మధ్యకు కొమ్మలు వేసుకుంటూ పాకిన సన్నని పోగులు కనిపిస్తే అది బూజే. గాజంతా పాలు కలిపిన నీళ్లలా మసకబారి ఉంటే, అది చాలావరకు లోపలి మరలకు పూసిన గ్రీజు నుంచి వచ్చి పేరుకున్న పలుచని పొర. నాలుగైదు దుమ్ము రేణువులు కనిపిస్తే మాత్రం వాటి జోలికి పోవద్దు, ఫొటోలో వాటి జాడే ఉండదు.

గాజును తిని బూజు బతకదు. గాజు మీది దుమ్ము, వేలిముద్రల జిడ్డు దానికి తిండి. గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు నిలిచిపోయి, పైగా లెన్సు గాలి ఆడని తోలు సంచిలో చీకట్లో ఉండిపోతే, ఇక దానికి కావలసినవన్నీ అమరినట్లే. పెరిగే క్రమంలో అది ఆమ్లాలను వదులుతుంది. అసలు నష్టం వాటివల్లే. వెలుగు తిరిగి మెరవకుండా లెన్సు గాజుకు వేసే ప్రతిబింబ నిరోధక పూత, 1935లో జర్మనీ లెన్సుల సంస్థ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా రూపొందించినది, మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మందమే ఉంటుంది. అంతటి పలుచని పూతను ఆ ఆమ్లం తొలిచి, ఆపైన గాజును కూడా తినేస్తుంది. బూజును తుడిచేయగలం కానీ, అది తొలిచిన గీతలను తుడవలేం. రెండుసార్లు శుభ్రం చేశాక కూడా పోగుల ఆకారం మిగిలి ఉంటే, అక్కడితో ఆగిపోవాలని నిన్ను మరీ మరీ కోరుతున్నాను. ఇంకా రుద్దితే పోయేది మిగిలిన పూతే.

ఇక విప్పడం సంగతి. గాజును బిగించి ఉంచే రింగుకు రెండు గాట్లుంటాయి, వాటిలో ఇమిడే లెన్సు స్పానరుతోనే తిప్పాలి; కత్తెర మొనతో ప్రయత్నిస్తే అది జారి గాజును గీరేస్తుంది. ప్రతి గాజునూ తీసేముందు ఫొటో తీసి, ఏ వైపు పైకి ఉందో రాసుకుని, తీసిన వరుసలోనే మెత్తని గుడ్డ మీద పేర్చుకో. ఫోకసు మరను వేరుచేయాల్సి వస్తే, అది ఏ స్థానంలో విడిపోయిందో గుర్తు పెట్టుకోకుండా ముందుకు పోవద్దు. ఒకసారి నేను ఆ గుర్తు పెట్టుకోలేదు. ఆ మరకు మొదళ్లు, అంటే తిరిగి ఎక్కించడానికి వీలున్న చోట్లు, చాలా ఉంటాయి కనుక, దూరపు దృశ్యం మళ్లీ స్పష్టంగా కుదిరేదాకా ఒక రాత్రంతా వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ కూర్చోవలసి వచ్చింది.

తుడవడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు, పలుచని అమ్మోనియా సమపాళ్లలో అప్పటికప్పుడు కలుపుకుంటే చాలు. కిటికీ తెరిచి ఉంచు. ఆ ద్రావణంలో బ్లీచు ఎన్నడూ కలపవద్దు, మిగిలినదాన్ని మూత బిగించి దాచవద్దు, లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు. ముందు బ్లోయరుతో దుమ్ము ఊది, తర్వాత దూదిని తడిపి మధ్య నుంచి అంచుకు చుట్లుగా, ఒత్తకుండా తుడువు. దూదిని తరచూ మార్చు. అంచుకు వేసిన నల్లరంగు కరగకుండా చూసుకో. చివరిగా డిస్టిల్డ్ వాటరుతో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే మరకలు మిగలవు. రెండు గాజులను కలిపి అతికించిన భాగాన్ని మాత్రం దేనిలోనూ నానబెట్టవద్దు. పాత లెన్సుల్లో ఆ అతుకు కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో వేసినది, ద్రావకాలకు కరిగిపోతుంది. బూజు ఆ అతుకు లోపలే ఉంటే, లెన్సును అలాగే వాడుకోవడం మేలని నా అభిప్రాయం. అంచున ఉన్న కొద్దిపాటి బూజు ఎదురువెలుగులో తప్ప ఫొటోకు పెద్దగా అడ్డు రాదు.

ఎండలో పెడితే బూజు చస్తుందని నీకు ఎవరైనా చెబుతారు. అందులో కొంత నిజం ఉన్నా, చచ్చిన పోగులు గాజు మీదే ఉండిపోతాయి, పైగా ఎండను ఒకచోట కూడగట్టిన లెన్సు పక్కనున్న గుడ్డను కాల్చేయగలదు. ఆ పని వద్దు.

శుభ్రం చేశాక దాన్ని తిరిగి ఆ తోలు సంచిలోకి పంపవద్దు. గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చిన్న తేమమాపకం పెట్టుకో. నెలకొకసారైనా బయటికి తీసి నాలుగు ఫొటోలు తియ్యి.

టార్చి వెలుగులో ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి ఫొటో తీసి పంపు. పోగులు ఏ గాజు మీద ఉన్నాయో చూశాక, ఏ రింగు ముందుగా విప్పాలో రాస్తాను. అంతవరకు దాన్ని మిగతా లెన్సులకు దూరంగా, పొడి చోట ఉంచు.

ఇట్లు,
నీ మిత్రుడు