మా పులస వాసన వదిలించిన అందరికీ కృతజ్ఞతలు

ముందుగా కింద పోర్షన్ అత్తయ్య గారికి. ఆవిడ తలుచుకుంటే నేరుగా ఓనరు గారికే ఫోన్ చేసేవారు. చెయ్యలేదు. ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా, “ఏమీ అనుకోకమ్మా, మీ పిల్లి వాసన మా వంటింట్లోకి దిగుతోంది. పోపు వేసినా అదే తగుల్తోంది” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కంపు కొట్టే యనమదుర్రు డ్రెయిను పారే భీమవరంలో ఉంటూ వాసన గురించి మాట పడ్డామంటే, మా ఇల్లు ఎంతవరకు వచ్చిందో మీరే ఊహించుకోండి. మాకైతే తెలియనే లేదు. ముక్కులు అలవాటు పడిపోయాయి.

మా పిల్లి పేరు పులస. మగపిల్లే, అయినా పులస. 2022 జులైలో గోదావరి పొంగి, నీళ్లు తీసిన మర్నాడు, రాజోలు అవతల వశిష్ట పాయ మీదున్న మా లంకలో, అరుగు మీద బురద ముద్దలా కూర్చుని కనిపించాడు. పులస చేపలాగే గోదావరి ఎర్రనీటితో పాటు వచ్చాడు కాబట్టి మా మావయ్య గారు ఆ పేరే పెట్టారు. లంకలో ఉన్నన్నాళ్లూ వాడి మరుగుదొడ్డి కొబ్బరిచెట్ల మధ్య ఇసుక దిబ్బ. వెళ్లేవాడు, గొయ్యి తీసేవాడు, పని కానిచ్చి కప్పెట్టి వచ్చేసేవాడు. వాసన అన్న మాటే ఎరగం.

అబ్బాయి కాలేజీ కోసం మొన్న జూన్‌లో భీమవరం వచ్చేశాం. రెండో అంతస్తు. కింద రోడ్డు, బళ్లు, కుక్కలు. వాణ్ని బయటికి వదలకూడదని అందరం కలిసి అనుకున్నాం. అక్కడి నుంచి మొదలైంది కథ.

షాపులో అడిగితే మూత ఉన్న చిన్న పెట్టె, అందులో పిల్లి దొడ్డికి వెళ్లడానికి పోసే లావెండరు వాసన లిట్టరు ఇచ్చారు. “అసలు వాసనే రాదండి” అన్నాడు అబ్బాయి. తీసుకొచ్చి బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన పెట్టా, అక్కడైతే కడుక్కోవడానికి కుళాయి ఉందని. వాడు ఓ నాలుగు రోజులు వెళ్లాడు. తర్వాత సోఫా వెనక. తర్వాత బియ్యం డబ్బా పక్కన. ఆ తర్వాత ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టిన మావయ్య గారి పంచె మీద. నేను తిట్లు లంకించుకుంటే ఆయనే ఆపారు. “లంకలో వాడికి ఈ బుద్ధి లేదమ్మా. మనమే ఏదో తేడా చేశాం” అన్నారు. అప్పుడు వినలేదు నేను. రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టా, అగరొత్తులు వెలిగించా, నేలంతా ఫినాయిలు పోసి తుడిచా. లావెండరు, సంపెంగ, ఫినాయిలు, వాటన్నిటి మీదా పిల్లి ఉచ్చ. దానికంటే ఉత్త ఉచ్చ వాసనే నయం అనిపించింది.

రెండో కృతజ్ఞత ఎదురు ఫ్లాట్ తమ్ముడికి. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాడు. మా కొరియర్ వాళ్లింట్లో ఇచ్చి వెళ్తే, అది పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయి, “అమ్మోనియా అండి అక్కా ఇది” అన్నాడు. రోజూ చెరువులతో బతికేవాడి ముక్కు కదా. లోపలికి వచ్చి పెట్టె మూత తీసి చూసి, డాక్టరు నాడి పట్టుకున్నట్టు నన్ను ప్రశ్నలు అడిగాడు. రోజుకి ఎన్నిసార్లు తీస్తున్నారు? రెండ్రోజులకోసారి అన్నా. గాలి ఎటు నుంచి ఆడుతుంది? మూత ఉంది కదా, ఆడదు అన్నా.

అతను చెప్పింది ఇదీ. అప్పుడే పోసిన ఉచ్చలో ఈ ఘాటు అంతగా ఉండదట. అందులో ఉన్న యూరియాని సూక్ష్మజీవులు విరగ్గొట్టాక పుట్టేదే ఈ అమ్మోనియా. దానికి కొంత టైము పడుతుంది. ఆ టైము లోపల తీసేస్తే వాసన పుట్టనే పుట్టదు. మన ముసురు రోజుల్లో తేమ ఆరక అది ఇంకా జోరుగా నడుస్తుంది. “చెరువు అడుగున మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లితే ఏమవుద్దో మీ పెట్టెలో అదే అవుతోందక్కా. మూతేమో చెరువులో గాలి కలిపే ఎయిరేటర్లు ఆపేసినట్టు. వాసన బయటికి అంతగా రాదు గాని లోపలికెళ్లే వాడికి కళ్లు మండిపోతాయి. మీరైతే వెళ్తారా?” అన్నాడు. నేను ఏమంటాను.

సాయంత్రం రెండు కిలోల జియోలైట్ గుళికలు తెచ్చిచ్చాడు. చెరువుల్లో అమ్మోనియాకి చల్లేదే. ఆ రాయిలో కంటికి కనపడనంత సన్నటి గదులుంటాయట, అమ్మోనియా వెళ్లి వాటిల్లో ఇరుక్కుంటుంది. పొడి వద్దు, వాడు తవ్వినప్పుడు దుమ్ము లేస్తుంది, ఇంకేమీ కలపని గుళికలే వెయ్యాలి అని చెప్పాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. కాకపోతే వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి మళ్లీ చెప్పాడు, “అడుగు తియ్యకుండా జియోలైట్ చల్లితే బాగుపడిన చెరువుని నేనింతవరకు చూళ్లేదక్కా.”

మూడోది పశువుల ఆసుపత్రి డాక్టరు గారికి. గేదెల మధ్య, మేకల మధ్య, బుట్టలో పిల్లిని పెట్టుకుని కూర్చుంటే అందరూ నన్నే చూశారు. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. ముందు అడిగిన ప్రశ్న: “కూర్చుని పోస్తున్నాడా, నిలబడి చిమ్ముతున్నాడా?” ఈ రెంటికీ తేడా ఉందని నాకు తెలియదండి. పంచె మీద పోసింది కూర్చుని. కర్టెన్ల మీద, వీధి తలుపు మీద మాత్రం తోక నిటారుగా ఎత్తి, తోక చివర వణికిస్తూ వెనక్కి చిమ్ముతాడు. మొదటిది పెట్టె నచ్చక. రెండోది సరిహద్దు రాయి పాతుకోవడం. మగపిల్లి ఉచ్చలో ఫెలినైన్ అనే పదార్థం ఉంటుందట, అది విరిగితే గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగవాటిలో అది చాలా ఎక్కువ. అందుకే ఎంత కడిగినా కర్టెన్లు అలా కొడుతున్నాయి. ఆపరేషన్ చేయించేశాం. నెల తిరిగేసరికి చిమ్మడం ఆగింది, ఉచ్చ వాసన కూడా సగానికి సగం పలచబడింది. ఈ పని ముందే చెయ్యకపోవడం పూర్తిగా మా బద్ధకం.

ఇంకో మాట ఆయన చాలా గట్టిగా చెప్పారు, మగపిల్లి ఉన్నవాళ్లందరూ వినండి. మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా రాకపోతే అది పొగరు కాదు, అలవాటు తప్పడం కాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. రేపు చూద్దాం అనుకుంటే ప్రాణం పోతుంది, అదే రోజు తీసుకురావాలి. మా వాడికి అది లేదని పొట్ట నొక్కి చూసి చెప్పేవరకు నా గుండె ఆగినంత పనైంది.

ఫినాయిలు మాట ఎత్తగానే డాక్టరు గారి మొహం మారిపోయింది. అందులో ఉండే ఫినాల్ జాతి మందుల్ని విరిచేసుకునే శక్తి పిల్లి కాలేయానికి సరిగా ఉండదట. వాడు ఆ నేల మీద నడుస్తాడు, పాదాలు నాక్కుంటాడు. పోనీ బ్లీచింగ్ పౌడరు వెయ్యనా అన్నా (వరదలప్పుడు అదే కదా మనకు అలవాటు). అమ్మోనియా ఉన్నచోట బ్లీచింగ్ వేస్తే పుట్టే గ్యాసు వాడికీ, మీకూ ప్రమాదమే అన్నారు. సబ్బు నీళ్లు, వేడినీళ్లు, ఎండ. ట్రేకి అంతే. పరుపుకి, సోఫాకి మాత్రం ఎంజైమ్ క్లీనరు తెప్పించుకోమన్నారు. ఎండిపోయిన ఉచ్చలో యూరిక్ యాసిడ్ ఉత్త నీళ్లకి సరిగా కరగదు. గాలిలో తేమ పెరిగితే చాలు, పాత మరక మళ్లీ లేస్తుంది. వాన పడినప్పుడల్లా మా సోఫా కంపు కొట్టేది ఎందుకో అప్పుడు బోధపడింది.

ఇక మా బాబాయ్ సంగతి రాయకపోతే ఆయన ఊరుకోరు. పెట్టె నచ్చకే అన్నారు కదా అని, అందులో పోసేది మార్చి మార్చి నేను చేసిన ప్రయోగాలు తక్కువేం కాదు. ముందు ఊక. మన దగ్గర ఊకకి కరువేంటి అనుకున్నా. అది తడి పీల్చదు, తవ్వితే ఎగిరి ఫ్యానుగాలికి పడగ్గది దాకా వెళ్తుంది. తర్వాత కొబ్బరి పీచు పొట్టు. తడి బ్రహ్మాండంగా పీలుస్తుంది, ఒప్పుకుంటా. కానీ పాదాలకు అంటుకుని ఇల్లంతా కాఫీ రంగు, ముసురు పట్టేసరికి బూజు. ఫోన్లో ఇవన్నీ చెప్పుకుని ఏడుస్తుంటే బాబాయ్, “వాడికి అలవాటైన ఇసుక ఉండగా ఈ గోలంతా ఎందుకే” అన్నారు. మా పెరట్లో ఇసుకే జల్లించి, ఎండబెట్టి, సిమెంటు బస్తాలో పోసుకుని, చించినాడ వంతెన మీదుగా రెండు బస్సులు మారి వచ్చారు. కండక్టరు బస్తాలో ఏంటండీ అంటే, “పిల్లికి ఇసుకండి” అన్నారట. ఆ సీను నేను చూడలేకపోయా.

బట్టలు నానబెట్టుకునే పెద్ద టబ్బు కొని, ఒక పక్క అంచు కోసి తగ్గించాం. పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలని డాక్టరు గారి లెక్క. ఆ లెక్కన షాపు పెట్టె వాడికి గొంతు కూర్చోవడానికి కూడా చాలదు. మూత లేదు. వాషింగ్ మెషీన్‌కి దూరంగా, అన్నం గిన్నెకి దూరంగా, హాల్లో కిటికీ కింద పెట్టాం. సగం లంక ఇసుక, సగం వాసన కలపని బెంటొనైట్ మట్టి, అడుగున పిడికెడు జియోలైట్. నాలుగు వేళ్ల లోతు పోశాం. పులస వచ్చాడు. అంచు మీద ముందు కాళ్లు పెట్టి చాలాసేపు వాసన చూశాడు. దిగాడు. గొయ్యి తియ్యడం మొదలుపెట్టాడు, తీస్తూనే ఉన్నాడు, హాలంతా ఇసుక చిమ్ముతూ. మావయ్య గారు పేపరు పక్కన పెట్టి చూస్తున్నారు. పని కానిచ్చి కప్పెట్టి, లంకలో నడిచినట్టే తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన నా వైపు చూశారు గాని ఏమీ అనలేదు.

వారం వారం ఇసుక తగ్గిస్తూ వచ్చా. అయిదో వారానికి మొత్తం బెంటొనైటే. ఉత్త ఇసుకలో ఉచ్చ అడుగుకి దిగిపోతుంది, దీంట్లో ఉండ కడుతుంది, ఉండనే తీసి పారేయొచ్చు. పిల్లి ఒక్కటైనా ట్రేలు రెండు ఉండాలన్నారు, రెండోది మా పడగ్గది మూల పెట్టాం. పొద్దున్న కాఫీకి ముందు ఒకసారి, రాత్రి అన్నాలయ్యాక ఒకసారి, పాత బూందీ గరిటతో తీస్తాం. (ఆ గరిట ఇంక వంటింట్లోకి రాదు, కంగారు పడకండి.) మూడు వారాలకోసారి మొత్తం మార్చి టబ్బు కడిగి ఎండలో పెడతాం. ఉండల్ని టాయిలెట్లో వెయ్యకండి. నేను తెలివి ఉపయోగించి ఒకసారి వేశా. ఆ మట్టి నీళ్లలో ఉబ్బుతుంది. ఆదివారం పూట వచ్చిన ప్లంబరు గారికీ ఈ సందర్భంగా నమస్కారం.

మధ్యలో చెల్లెలు ఐదో నెలతో వచ్చింది. వాళ్ల అత్తగారు ఫోన్ చేసి, పిల్లి ఉన్న ఇంట్లో గర్భిణి ఉండకూడదు, దాన్ని ఎక్కడైనా వదిలెయ్యండి అన్నారు. ఆవిడ భయం ఉత్తదేం కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి రెట్టలో రావచ్చు, కడుపులో బిడ్డకి ప్రమాదం. కానీ రెట్ట పడ్డాక అది అంటుకునే దశకి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. రోజూ తీసేసే ఇంట్లో, పచ్చి మాంసం తినని, బయట తిరగని పిల్లితో భయం చాలా తక్కువ. గర్భిణి మాత్రం ట్రే ముట్టుకోకూడదు. డాక్టరు గారు ఫోన్లో ఆవిడతోనే ఇదంతా ఓపిగ్గా మాట్లాడారు. పులస ఉన్నాడు, చెల్లెలూ ఉంది. అప్పటిదాకా గరిట ముట్టని మా ఆయన ఆ నెలంతా రాత్రి డ్యూటీ తీసుకున్నారు, ఇప్పటికీ మానలేదు. ఆయనకీ కృతజ్ఞతలు, ఇంట్లో చెబితే నెత్తికెక్కుతారని ఇక్కడ రాస్తున్నా.

మొన్న శనివారం కింద అత్తయ్య గారు పనసపొట్టు కూర గిన్నెతో వచ్చారు. ఈసారి కూర్చున్నారు. టీ తాగుతుండగా పులస ఆవిడ పక్క నుంచే ట్రేలోకి వెళ్లొచ్చాడు. నేను ఊపిరి బిగబట్టా. ఆవిడ టీ పూర్తి చేసి, “పిల్లిని ఎవరికైనా ఇచ్చేశారేమో అనుకున్నానమ్మా” అన్నారు.

మా బాల్కనీలో ముప్పావు బస్తా ఊక, రెండు కొబ్బరి పొట్టు ఇటుకలు మిగిలాయి. మొక్కలున్నవాళ్లు చెప్పండి, ఇచ్చేస్తాను. ఆ మూత పెట్టె కూడా ఉంది, కడిగి ఎండబెట్టాం. అందులో ఉల్లిపాయలు పోసుకోవచ్చని మా ఆయన అంటున్నారు. పాత చెప్పులైతే సరే అంటున్నాను నేను.